పని వాసన

నేను తాగలేదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి కోర్టు మెట్లెక్కాను, చెప్పకుండానే దిగాను. మధ్యలో ఏం జరిగిందో చెబుతాను, వినండి.

నా పని చెక్కకు లక్క పాలిష్ పెట్టడం. మిషనుతో కొట్టే పాలిష్ కాదు, చేతి పాలిష్. లక్క రేకుల్ని స్పిరిట్‌లో కరిగించి, దూదిని గుడ్డలో చుట్టి ముద్ద చేసి, ఆ ముద్దతో చెక్కను గుండ్రంగా రుద్దుతూ పోవాలి. ఒక్కో తలుపుకు ఇరవై పూతలు పడతాయి. ఓపిక లేనివాడు ఈ పనికి పనికిరాడు. నా ఓపికంతా తలుపులకే పోసి ఇంటికి ఉత్త చేతులతో వస్తానని మా ఆవిడ అనేది. నిజమే.

స్పిరిట్‌కు గాలి తగిలితే ఎగిరిపోతుంది. అందుకని సన్న మూతి సీసా కావాలి, దానికి బిరడా బిగించి ఉండాలి, జేబులో పట్టేలా పలకగా ఉండాలి. మాకు తెలిసి అలాంటి సీసా ఒక్కటే ఉంది, మందు క్వార్టర్ సీసా. మా గురువు అందులోనే పోసుకునేవాడు, ఆయన గురువూ అంతే. కుడిచేతిలో ముద్ద ఉంటుంది, వేళ్ళకు లక్క జిగురు, కాబట్టి బిరడాను పళ్ళతో లాగుతాం. దాన్ని పళ్ళ మధ్యే ఉంచుకుని ముద్ద మీద నాలుగు చుక్కలు పోసి, మళ్ళీ నోటితోనే బిగిస్తాం. ముప్పై ఏళ్ళుగా రోజుకు వందసార్లు చేస్తున్న పని ఇది. వెనకనుంచి చూసేవాడికి ఎలా కనిపిస్తుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఆ రోజు పళ్ళ డాక్టరు గారి ఆస్పత్రి తలుపుకు పదకొండో పూత పెడుతున్నాను. తలుపు ముందు నాలుగు రాతిమెట్లు, మెట్ల ముందు నడుమెత్తు ఇనప గేటు, గేటు దాటితే వీధి. మధ్యాహ్నానికి నడుం పట్టేసింది. వీధి వైపు వీపు పెట్టి మెట్టు మీద కూలబడి, తల వెనక్కి వంచి బిరడా లాగాను. వెనక ఈల వినిపించింది.

కానిస్టేబుల్ గేటు తోసుకుని లోపలికి వచ్చాడు.

"ఏంటయ్యా, పట్టపగలు నడివీధిలో లాగిస్తున్నావ్?"

నోట్లో బిరడా ఉంది. ఉమ్మితే ఇంకో కేసు పెడతాడేమోనని చేత్తో తీసి, "ఇది పాలిష్ సార్. పని వాసన" అన్నాను.

ఆయన వంగి వాసన చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. చొక్కా, చేతులు, సీసా, తలుపు, అన్నీ ఒకే కంపు.

"గొట్టం తెప్పించండి సార్, ఊదుతాను."

"గొట్టాలు బండ్లు నడిపేవాళ్ళకి. మెట్ల మీద కూర్చునేవాళ్ళకి లేవు" అని చీటీ రాసి చేతిలో పెట్టాడు. బహిరంగ ప్రదేశంలో మద్యం సేవించుట. జరిమానా కట్టేస్తే సరి, ఒప్పుకోకపోతే ఫలానా తేదీన కోర్టుకు రావాలి. ఆయన దుర్మార్గుడేం కాదు. తనకు కనిపించింది రాసుకున్నాడు.

ఆ చీటీని నేరుగా తీసుకెళ్ళి మా ఆవిడ చేతిలో పెట్టాల్సింది. పెట్టలేదు. చొక్కా జేబులో దాచాను. ఎందుకు దాచానో చెప్పాలంటే ముఖం చెల్లదు, అయినా చెప్పక తప్పదు.

పదకొండేళ్ళు నేను రోజూ తాగాను. ఇంటికి రాగానే మా ఆవిడ గుమ్మంలోనే "తాగావా?" అనేది. "లేదే, పని వాసన" అనేవాణ్ణి. స్పిరిట్ కంపు కింద మందు కంపు హాయిగా దాక్కుంటుంది. మా పనిలో ఉన్న సుఖం అదొక్కటేనని పాలిష్ వాళ్ళమంతా నవ్వుకునేవాళ్ళం. మొదట్లో నమ్మింది. తర్వాత నమ్మినట్టు ఊరుకుంది. ఆమె యూనిఫారాలు కుట్టే కంపెనీలో చెకింగ్ చేస్తుంది. వంద చొక్కాల్లో ఎక్కడ ఒక్క వంకర కుట్టు ఉన్నా వేలు పెట్టి చూపిస్తుంది. అలాంటి మనిషికి మొగుడి మీద వచ్చే వాసన ఏదో తేల్చుకోలేని గతి పట్టించాను.

కిందటేడు ఒక రోజు మా అమ్మాయిని బడినుంచి తీసుకురావడం నా వంతు. తాగి పడుకున్నాను. పిల్ల బడి గేటు దగ్గర సాయంత్రం దాకా నిలబడింది. మా ఆవిడ డ్యూటీ దిగి వెళ్ళి తెచ్చుకుంది. ఆ రోజు తిట్టలేదు. గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండా అంది.

"ఇంకొక్కసారి. ఒక్కసారంటే ఒక్కసారి. ఆ తర్వాత అరవను, ఏడవను. పిల్లని తీసుకుని వెళ్ళిపోతాను."

ఆ మర్నాటినుంచి చుక్క ముట్టలేదు. కానిస్టేబుల్ చీటీ రాసిన రోజుకు ఏడు నెలల పంతొమ్మిది రోజులు.

మూడో రోజు మా ఆవిడ చొక్కా ఉతకబోతూ జేబు తడిమింది. చీటీ బయటపడింది. పూర్తిగా చదివి, తేదీ చూసి, వేళ్ళ మీద లెక్కపెట్టి, "మూడు రోజులు దాచావు" అంది.

"నేను తాగలేదే. పని వాసన."

అన్నాక నాలిక కరుచుకున్నాను. జీవితంలో మొదటిసారి ఆ మాట నిజంగా చెప్పాను. అది అచ్చం పదకొండేళ్ళ అబద్ధంలాగే వినిపించింది, నాకు కూడా. ఆమె అన్న మాట ప్రకారం అరవలేదు, ఏడవలేదు. సాయంత్రానికి పిల్లని తీసుకుని వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ రోజే ఏ ఆస్పత్రికో వెళ్ళి రక్తం ఇచ్చి ఉంటే ఒక కాగితం చేతిలో ఉండేది. దాచే హడావిడిలో ఆ బుద్ధి పుట్టలేదు. తర్వాత వెళ్తే డాక్టరు నవ్వాడు. "మూడు రోజులయ్యాక రక్తంలో ఏముంటుందయ్యా, రక్తమే ఉంటుంది" అన్నాడు.

అందరూ జరిమానా కట్టేయమన్నారు. అది నా ఒక పూట కూలి కూడా కాదు. కోర్టు దగ్గర ఒక లాయరు అయితే నన్ను వింతగా చూశాడు. "దీనికి నేనెందుకయ్యా? సరే, పెట్టుకుంటానంటావా, పెట్టుకో. కానీ లోపల నువ్వు నోరు తెరవకూడదు. మాట్లాడేదంతా నేనే" అన్నాడు. నాకు కావలసిందే నోరు తెరవడం. దండం పెట్టి వచ్చేశాను.

మా ఆవిడకు ఫోన్ చేశాను. ఎత్తదనుకున్నాను, ఎత్తింది.

"కేసు నడుపుతున్నాను. నువ్వొచ్చి వెనక బెంచీలో కూర్చో. ప్రమాణం చేసి చెప్తాను. వాళ్ళు ఎన్ని ప్రశ్నలు వేస్తే అన్నిటికీ చెప్తాను. నువ్వు విను చాలు."

అవతల పిల్ల ఏదో పాఠం గట్టిగా చదువుతోంది.

"ఇంట్లో అబద్ధం చెప్తే నిన్నెవరూ ఏం చేయరు" అంది. "అక్కడ ప్రమాణం మీద అబద్ధం చెప్తే లోపల వేస్తారు. వస్తాను. విని, నమ్మకం కుదిరితే ఇంటికొస్తాం. లేదంటే సోమవారం పిల్లని ఇక్కడి బడిలో వేసేస్తాను. మళ్ళీ మళ్ళీ దాని బతుకు కదపలేను."

తాడో పేడో ఆ రోజే తేలిపోవాలి. నాకూ అదే బాగుందనిపించింది.

కోర్టు బయట చెట్టుకింద అర్జీలు కొట్టిపెట్టే టైపిస్టు ఒకాయన ఉన్నాడు. ఆయన ముందు స్టూలు మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్క అక్షరం అటూ ఇటూ కాకూడదని పట్టుదల నాది. ఏ మెట్టు మీద కూర్చున్నాను, గేటు ఎటుంది, వీపు ఎటుంది, బిరడా ఏ పక్క పళ్ళతో లాగాను, అన్నీ చెప్పాను.

"అయ్యా, కూర్చుని అంటే చాలు. గేటు లోపల రెండో మెట్టు మీద అని ఎందుకూ?" అన్నాడు విసుగ్గా.

"నిజం కాబట్టి" అన్నాను. బుర్ర గోక్కుని అలాగే కొట్టాడు.

వారం రోజులు ఖాళీ ఇంట్లో అద్దం ముందు నిలబడి చెప్పాల్సింది చెప్పుకున్నాను. పాలిష్ సంగతీ సీసా సంగతీ ఎలాగూ చెబుతాను. అసలు చెప్పాల్సింది వేరే ఉంది. 'నేను పదకొండేళ్ళు మా ఆవిడతో అబద్ధం ఆడాను. తాగొచ్చి పని వాసన అన్నాను. ఆమెను తెలివితక్కువదాన్ని చేశాను. ఈ ఒక్కసారి మాత్రం అది నిజంగా పని వాసన.' ఇది నలుగురిలో చెప్పాలి. ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేవాణ్ణి. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేవాణ్ణి. ఐదో రోజుకు చివరిదాకా చెప్పగలిగాను.

కోర్టు రోజున సీసా, ముద్ద, జానెడు చెక్కముక్క సంచీలో పెట్టుకుని వెళ్ళాను. గుమ్మం దగ్గర కాపలా ఆయన సంచీ వెతికి క్వార్టర్ సీసా పైకెత్తాడు.

"తాగిన కేసుకు మందు పట్టుకునే వచ్చావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. సీసాను ఆయన బల్ల కింద పెట్టుకున్నాడు, పోయేటప్పుడు తీసుకుపొమ్మన్నాడు.

హాలు చిన్నది. గోడకు పెచ్చులు లేచాయి, ఫ్యాను తిరుగుతూ మూలుగుతోంది. మేజిస్ట్రేటు గారి బల్లకు ఎవరో మిషను పాలిష్ కొట్టి చెడగొట్టారు. వెనక్కి తిరిగి చూశాను. చివరి బెంచీలో మా ఆవిడ కూర్చుని ఉంది, ఒళ్ళో సంచీ పెట్టుకుని. నా వైపు చూసి తల కొంచెం ఊపింది. నాలుగు వారాల తర్వాత ఆ ముఖం చూశాను. చిక్కిపోయింది.

నా పేరు పిలిచారు. బోనెక్కాను. కానిస్టేబుల్ అవతల నిలబడ్డాడు. మేజిస్ట్రేటు గారు పెద్దావిడ, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని నా అర్జీ చదువుతున్నారు. ఇప్పుడు ప్రమాణం చేయిస్తారు, ఇప్పుడు చేయిస్తారు అని చెయ్యి సగం ఎత్తి ఉంచాను.

"గేటు లోపల రెండో మెట్టు మీద అని రాశారు. నిజమేనా?" అన్నారు.

"నిజమేనండి. అక్షరం అక్షరం నిజం."

ఆవిడ కానిస్టేబుల్ వైపు తిరిగారు. "లోపలేనా?"

"లోపలే మేడం. గేటు తోసుకుని వెళ్ళాను."

"ఆ మెట్లు డాక్టరు గారి సొంతం. బహిరంగ ప్రదేశం ఎలా అవుతుంది? అక్కడ కూర్చుని ఏం తాగితే మనకెందుకు?" అంటూ కలం తీసి ఏదో రాశారు. "కేసు కొట్టేశాను. మీరు వెళ్ళొచ్చు. తర్వాతి కేసు."

నేను కదల్లేదు. చెయ్యి ఇంకా సగం ఎత్తే ఉంది.

"మేడం, నేనింకా ప్రమాణం చేయలేదండి."

"అవసరం లేదు. కేసే లేదు."

"నేను తాగలేదని రాయండి మేడం."

"తాగారా లేదా అన్నది ఇక మేం చూడాల్సిన పని లేదు. మీరు గెలిచారు."

"అది చూడమనే వచ్చానండి. నన్ను అడగండి. ఎన్ని ప్రశ్నలైనా వేయండి. చెక్కముక్క కూడా తెచ్చాను."

హాల్లో నవ్వులు లేచాయి. కొట్టేసిన కేసును నడపమని కాళ్ళా వేళ్ళా పడే మనిషిని వాళ్ళెప్పుడూ చూసి ఉండరు. మేజిస్ట్రేటు గారు నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు. విసుగు లేదు ఆ చూపులో.

"ఇవాళ ఇంకా అరవై కేసులున్నాయి. ఇంటికి వెళ్ళండి బాబూ" అన్నారు.

ఇంటికి వెళ్ళడానికేనమ్మా నా తంటా అందామనుకున్నాను. ఆలోపే కాపలా ఆయన మోచెయ్యి పట్టుకుని దింపాడు. వెనక బెంచీ వైపు చూశాను. మా ఆవిడ అప్పటికే సంచీ భుజానికి తగిలించుకుని బయటికి నడుస్తోంది.

వరండా చివర అందుకున్నాను.

"ఆగు. ఇప్పుడు చెప్తాను. వారం రోజులు నేర్చుకున్నాను. ఇక్కడే చెప్తాను."

"ఇక్కడ ప్రమాణం లేదు కదా" అంది.

"పిల్ల మీద ఒట్టు."

ఆమె కళ్ళు మూసుకుంది. ఆ ఒట్టు ఇంతకుముందు ఎన్నిసార్లు వేశానో, ఎన్నిసార్లు తాగి వేశానో ఇద్దరికీ తెలుసు. ఇక వేయడానికి నా దగ్గర ఏ ఒట్టూ మిగల్లేదు.

అయినా చెప్పాను. అద్దం ముందు చెప్పుకున్నదంతా, పదకొండేళ్ళదీ, తడబడుతూ, జనం మధ్య నిలబడి చెప్పాను. పక్కనుంచి లాయర్లు ఫైళ్ళు పట్టుకుని పోతున్నారు. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత నా చెయ్యి తీసుకుని, అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"ఏ వాసన ఏదో కనిపెట్టాలని ఎంత పాటుపడ్డానో నీకు తెలీదు" అంది. "నువ్వు విప్పిన చొక్కాలు గదిలోకి తీసుకెళ్ళి, కాలరు దగ్గరొకసారి, చేతుల దగ్గరొకసారి వాసన చూసేదాన్ని. పాలిష్ డబ్బా మూత తీసి దానితో పోల్చుకునేదాన్ని. నాకు తెలిసేది కాదు. పిచ్చిదాన్నైపోతున్నానేమో అనుకున్నాను. నువ్వేమో నవ్వి పని వాసన అనేవాడివి."

"ఈసారి నిజం."

"అయ్యుంటుంది." నా చెయ్యి వదిలేసింది. ఏడవనన్న మనిషి ఏడుస్తోంది. "నువ్వు తాగలేదనే నాకూ అనిపిస్తోంది. అనిపించడం కాదు నాకు కావలసింది. తెలియాలి. వాళ్ళు నిన్ను నిలబెట్టి అడిగితే, నువ్వు తడుముకోకుండా చెప్తే, నీ ముఖం చూసి తెలుసుకుందామనుకున్నాను. నమ్మడానికే వచ్చాను తెలుసా? పొద్దున పిల్ల బట్టలన్నీ సర్దేసి వచ్చాను. పుస్తకాలు కూడా కట్టేసింది అది. ఇప్పుడు వెళ్ళి మళ్ళీ విప్పాలి."

ఆమెకు అడ్డంగా నిలబడ్డాను.

"విప్పకు" అన్నాను. "ఇంకో నెల చూడు. ఏడాది చూడు."

"చూస్తాను. అక్కడినుంచే చూస్తాను" అంది. "రేపు నువ్వు పని నుంచి వస్తావు, నీ మీద ఇదే వాసన ఉంటుంది. నేను గుమ్మంలో నిలబడతాను. అడగాలా, మానాలా? అడిగితే నీకు కోపం, మానితే నాకు నిద్ర పట్టదు. పిల్ల నా ముఖం, నీ ముఖం మార్చి మార్చి చూస్తూ కూర్చుంటుంది. పదకొండేళ్ళు అలాగే కూర్చుంది. ఇక చాలు."

కొంగుతో ముఖం తుడుచుకుని మెట్లు దిగింది. ఆదివారాలు వచ్చి పిల్లని చూసి వెళ్ళమంది, రోడ్డు దాటబోతూ వెనక్కి తిరిగి. బస్సు వెంటనే వచ్చింది. నా బతుకులో బస్సు వెంటనే వచ్చింది ఆ ఒక్కరోజే.

నేను మళ్ళీ లోపలికి వెళ్ళాను. కాపీలిచ్చే కిటికీ దగ్గర గుమస్తా కూర్చుని ఉన్నాడు. తీర్పు కాగితం నా చేతికిచ్చి సంతకం పెట్టమన్నాడు. మూడు లైన్లు. సంఘటన జరిగిన స్థలం బహిరంగ ప్రదేశం కానందున కేసు కొట్టివేయడమైనది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. నేను తాగలేదని ఎక్కడా లేదు.

"దీని మీద పై కోర్టుకు వెళ్ళాలండి. అప్పీలు కాగితం ఇవ్వండి" అన్నాను.

ఆయన కాగితం చూశాడు, నన్ను చూశాడు.

"అప్పీలు ఓడినవాళ్ళకి బాబూ. గెలిచినవాళ్ళకి ఉండదు."

"నేను ఓడిపోయానండి."

ఆయన పెద్దమనిషి. నవ్వలేదు. కాగితాన్ని తన వైపు తిప్పుకుని, మూడు లైన్లూ వేలితో నెమ్మదిగా చదివి, మళ్ళీ నా వైపు తోశాడు.

"ఇందులో అలా రాసి లేదే" అన్నాడు.